‘ఇతరములు’ గడిలోంచి ఒక బహిరంగ లేఖ

సింగిల్ విండో గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

తమ చిరునామా దొరికి ఉంటే ఈ కాగితం కవర్లో పెట్టి రిజిస్టరు పోస్టులో పంపేవాళ్లం. దొరక్కే బహిరంగంగా రాస్తున్నాం. పోలీస్ స్టేషన్‌లో అడిగితే పంచాయతీలో ఉంటారేమో చూడమన్నారు. పంచాయతీలో అడిగితే ముందు కరెంటాఫీసు నుంచి కాగితం తెమ్మన్నారు. కరెంటాఫీసువాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ‘పోలీసులు సరేనన్నారా మరి?’ అని అడిగారు. పరిశ్రమ పెట్టేవాళ్లకి తమరు ఒక్క కిటికీలోంచే దర్శనమిచ్చి అన్ని అనుమతులూ చేతిలో పెడతారని విన్నాం. వినాయక పందిళ్లు వేసేవాళ్లకైతే ఆన్‌లైన్‌లోనే ప్రత్యక్షమవుతున్నారు. పాటలు పాడించుకునేవాళ్ల కోసం కూడా ఏ గోడకో ఒక చిన్న కిటికీ తీసే ఉంచారేమో, మాకే కనబడటం లేదేమో అని ఈ విన్నపం.

మేమెవరమంటే, విజయనగరం జిల్లాలో, బొబ్బిలికి బస్సులో పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేంత దూరంలో ఉన్న ఒక మండల కేంద్రం వాళ్లం. ఏటా సంక్రాంతికి ముందు రెండు రాత్రులు పాటల పండగ చేస్తుంటాం. మొదటి రాత్రి నాదస్వరం, వీణ, ఆ తరవాత విశాఖపట్నం నుంచి గిటార్లు మోసుకొచ్చే కుర్రాళ్లు తాము రాసి తాము బాణీ కట్టుకున్న తెలుగు పాటలు. రెండో రాత్రి జముకుల కథ, చివర్న తప్పెటగుళ్లు. సినిమా పాట ఉండదు. యాంకరమ్మ ఉండదు. ముఖ్య అతిథి ఉండడు. ఈ మూడూ లేనప్పుడు అసలు కార్యక్రమం ఎందుకని ఊళ్లోవాళ్లే అడుగుతుంటారు కాబట్టి, తమరు అడిగినా మేం నొచ్చుకోం.

మా దగ్గర మైకు పర్మిషన్‌కి ఇచ్చే దరఖాస్తులో ‘కార్యక్రమ స్వభావం’ అని ఒక వరస ఉంది. మతపరమైనది, రాజకీయం, వివాహం, ఇతరములు. దేవుడిదైతే అడిగేవాడుండడు. పార్టీదైతే అడిగే ధైర్యం ఉండదు. పెళ్లయితే అడిగితే బాగుండదు. మిగిలింది మేం. ‘ఇతరములు’ ఎదురుగా టిక్కు పెట్టామో లేదో, అవతలి కుర్చీలో ఆయన కళ్లద్దాలు సర్దుకుంటారు.

‘ఎవరి తరఫున?’

‘ఎవరి తరఫునా కాదండి. పాటల కార్యక్రమం.’

‘అదే, దీని వెనకాల ఎవరున్నారు?’

‘వెనకాల తంబురా వేసే అమ్మాయి కూర్చుంటుందండి.’

ఆయన నవ్వలేదు. ఆయన్ని మేం తప్పుపట్టం. రేపు ఏదైనా గొడవ జరిగితే ఎవరికి ఫోను చెయ్యాలో ఆయనకి తెలియాలి కదా. గుడి మైకుకి ధర్మకర్త ఉంటాడు, సభ మైకుకి నాయకుడు ఉంటాడు, పెళ్లి మైకుకి మేనమామ ఉంటాడు. మా మైకుకి అటువంటి యజమాని ఎవడూ లేడు. అయ్యా, మా ఇబ్బందులన్నీ ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాం. తక్కినవన్నీ దీని పిల్లలే.

వినాయకుడి మీద మాకు అసూయ ఉందనుకునేరు. ఏమీ లేదు. 2025లో చవితి పందిళ్లకి ప్రభుత్వం కరెంటు ఉచితంగా ఇచ్చింది, సంతోషించాం. మా కమిటీలో సగం మంది ఆ పందిళ్లలో ప్రసాదం వండేవాళ్లే. అదే మనుషులు, అదే మైదానం, అదే మైకుసెట్టు. నాలుగు నెలలు గడిచి, మధ్యలో బొమ్మ లేకపోయేసరికి అనుమానితులైపోతారు.

శబ్దం సంగతికొద్దాం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు మాకు ఇప్పుడు కంఠతా వచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. బహిరంగ స్థలంలో మైకు పెడితే దాని సరిహద్దు దగ్గర శబ్దం, ఆ ప్రాంతానికి చెప్పిన పరిమితి మీద మరో 10 గానీ, లేకపోతే 75 గానీ, ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వస్తుందంటారు. మా ఊళ్లో ఎవరూ మామూలుగా మాట్లాడుకోరు, అది వేరే సంగతి.

ఈ నియమాలకి మేం వ్యతిరేకులం కాదని మనవి. ఊరు మొత్తం మీద వీటిని మనస్ఫూర్తిగా కోరుకునేది మేమే. వీణ కచేరీ పెట్టుకున్నవాడి కంటే నిశ్శబ్దం విలువ ఎవడికి తెలుస్తుంది? నిరుడు వీణ ఆవిడ ఆలాపన ఎత్తుకున్న ఘడియలోనే మెయిన్ రోడ్డు మీద ఒక పెళ్లి ఊరేగింపు బయల్దేరింది. లారీ నిండా బాక్సులు, ముందు డీజే. ఆవిడ వేళ్లు తీగల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని, ఊరేగింపు వెళ్లేదాకా చిరునవ్వుతో కూర్చున్నారు. అది తొందరగా వెళ్లలేదు. పెళ్లికొడుకు స్నేహితులు సరిగ్గా మా పందిరి ఎదురుగానే డాన్సు చెయ్యాలని నిశ్చయించుకున్నారు. బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్‌ని ‘వాళ్లకి డెసిబెల్స్ వర్తించవా?’ అని అడిగితే, ‘పెళ్లండీ’ అన్నారు. అంతకన్నా చెప్పడానికేముంది?

తమరికి తెలియనిది కాదు, ఆ నియమాల్లోనే ఒక మెలిక ఉంది. ఏడాదిలో పదిహేను రోజులకి మించకుండా, రాత్రి పది నుంచి పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఎటువంటి సందర్భాలకి? ‘సాంస్కృతిక లేదా మతపరమైన’ పండగలకి. ముందున్నది సాంస్కృతికం. 2005లో సుప్రీంకోర్టు మైకుల మీద పెద్ద తీర్పు ఇచ్చాక, అదే ఏడు మళ్లీ ఈ రెండు గంటల వెసులుబాటును సమర్థించింది కూడా. ఆ పదిహేను రోజుల్లో ఒక్క రాత్రి, ఒక్కటంటే ఒక్కటి, ఇలాంటి చిన్న ఊళ్ల పాటల పండగలకి కేటాయిస్తే దేవుళ్లకి పద్నాలుగు మిగులుతాయి. వాళ్లలో వాళ్లు సర్దుకోగలరు.

ఇక స్థలం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ నూరు మీటర్ల మేరకి నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని అదే నియమాల్లో ఉంది. నగరంలో నూరు మీటర్లంటే ఒక సందు. మా ఊళ్లో నూరు మీటర్లంటే ఊరు. హైస్కూలు నుంచి కొలిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తగులుతుంది, అక్కణ్నించి కొలిస్తే మున్సిఫ్ కోర్టు, అక్కణ్నించి కొలిస్తే ప్రైవేటు కాన్వెంటు. నాలుగు వలయాలూ గీస్తే బయట మిగిలేవి రెండే చోట్లు, చెరువుగట్టు, శ్మశానం. చెరువుగట్టు నీటిపారుదల శాఖది. శ్మశానం గురించి మా కమిటీలో వాదోపవాదాలు జరిగాయి. జముకుల కథ వాళ్లకి అభ్యంతరం లేదన్నారు, గిటారు కుర్రాళ్లు ఉత్సాహపడ్డారు, నాదస్వరం ఆయన మాత్రం మంగళ వాయిద్యం పట్టుకుని అక్కడికి రానని కచ్చితంగా చెప్పేశారు. చివరికి ఎప్పటిలాగే హైస్కూలు మైదానంలోనే పెట్టాం. పరీక్షలు లేని రోజులు చూసుకుని, హెడ్మాస్టరు గారిని బతిమాలుకుని, పేడ ఎత్తి, కళ్లాపి చల్లి.

హెడ్మాస్టరు గారు బతిమాలితే లొంగుతారు. సెక్షన్ 30 లొంగదు. అది 1861 నాటి పోలీసు చట్టంలోది. సభలకీ ఊరేగింపులకీ అనుమతి ఉండాలంటుంది. మా దగ్గర అది అమల్లో లేని నెల ఏదో పేపరు చదివేవాళ్లెవరూ చెప్పలేరు. ధర్నాకీ తప్పెటగుళ్లకీ ఒకే కాగితం. అదీ కార్యక్రమం నాటి మధ్యాహ్నానికి గానీ చేతికి రాదు. కరపత్రం ఎప్పుడు వెయ్యాలి, విశాఖపట్నం వాళ్లకి బస్సు టికెట్లు ఎప్పుడు తియ్యాలి?

కాపీరైటు కథ కూడా తమరు వినాలి. ఒక ఆఫీసులో, పేరు చెప్పం, ‘పాటల కంపెనీ నుంచి అభ్యంతరం లేదని లెటర్ ఉందా?’ అని అడిగారు. వీణ మీద త్యాగరాజ కృతులండి అన్నాం. ‘అయితే వాళ్ల నుంచే తీసుకురండి’ అన్నారు. త్యాగయ్య 1847లో సిద్ధి పొందారు. కాపీరైటు చట్టం 1957లో వచ్చింది. రాసినాయన పోయాక అరవై ఏళ్లు దాటితే హక్కు ఉండదని ఆ చట్టమే చెబుతోంది. ఈయనేమో చట్టం పుట్టడానికి నూటపదేళ్ల ముందే వెళ్లిపోయారు. కుర్రాళ్ల పాటలు కుర్రాళ్లవే, ఎవరికీ అమ్ముకోలేదు, కొనేవాళ్లూ రాలేదు. జముకుల కథ ఎవరు కట్టారో కట్టినవాళ్ల ముత్తాతలకే తెలియదు. అసలు తమాషా ఇంకొకటి ఉంది. అదే చట్టంలో 52వ సెక్షను కింద మతపరమైన వేడుకలకీ, ప్రభుత్వ వేడుకలకీ, పెళ్లి ఊరేగింపులకీ మినహాయింపు ఉంది. అంటే పరాయివాళ్ల సినిమా పాటలు లారీ మీద పెట్టి ఊరంతా తిప్పేవాడికి కాగితం అక్కర్లేదు. తన పాట తాను పాడుకునేవాణ్ని కాగితం అడుగుతున్నారు. ఆ మినహాయింపులో కూడా మన దరఖాస్తులోని గళ్లే ఉన్నాయి చూడండి, దేవుడు, సర్కారు, పెళ్లి. చట్టం రాసినవాళ్లకీ ఫారం రాసినవాళ్లకీ బంధుత్వం ఉండి ఉంటుంది.

తమరి మీదే నెపమంతా వేసేస్తున్నామనుకోకండి. తమ సంతకాలన్నీ దొరికినా మిగిలిపోయే కష్టం ఒకటుంది. అది మైకుసెట్టు ఓనరు.

మా ఊరి మైకుసెట్టు ఓనరు మంచివాడు, అప్పిస్తాడు, వాన పడితే తడుస్తూ వైర్లు సర్దుతాడు. కానీ ఆయనకి ఎకో అంటే ప్రాణం. ఉపసర్పంచి మాట్లాడినా, తప్పిపోయిన గేదె గురించి ప్రకటన చేసినా, ప్రతి మాటా నాలుగుసార్లు మోగాలి. జముకు వాయిద్యం ఎలా ఉంటుందో తమరు చూసే ఉంటారు. కుంచంలాంటి డొల్లకి అడుగున చర్మం మూసి, దాని మధ్యనుంచి లాగిన తీగని మీటుతారు. లాగే బిగువుని బట్టి ఆ నాదం పైకి పోతుంది, కిందికి జారుతుంది, మూలుగుతుంది, ఎల్లమ్మ కథలో దుఃఖం వచ్చినచోట నిజంగానే ఏడుస్తుంది. ఎకో పెట్టారంటే ఆ జారుడంతా ఒకదాని మీద ఒకటి పడి, మోటారు పంపు స్టార్టవుతున్న చప్పుడే మిగులుతుంది. దయచేసి ఎకో తీసెయ్యండి అని బతిమాలాం. ‘ఎకో నేకపోతే నా సెట్టు పాడైపోనాదనుకుంటారు బావూ. నా పరువేటవుతాది?’ అన్నాడు. ఆయనకీ ఒక మార్కెట్టు ఉంది, ఆ మార్కెట్టు పెళ్లిళ్లది. ఏడాదిలో రెండు రాత్రుల మా కోసం చెవులు మార్చుకోమంటే ఎట్లా? చివరికి రెండో రాత్రి కథకురాలే మైకు పక్కకి తోసేసి, కింద జనం మధ్యకి దిగి చెప్పింది. వెనక వరసలవాళ్లు కుర్చీలు ఎత్తుకుని ముందుకొచ్చారు. మేం చేసిన ఏర్పాట్లలో బాగా కుదిరింది అదొక్కటే, దాన్ని మేం చెయ్యలేదు.

లైట్ల సంగతీ అంతే. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతారు. పెళ్లి వేదికల మీద వాడే ఫోకసు లైట్లు రెండు అటూ ఇటూ పెడితే మైనం మెత్తబడి శ్రుతి ఎటో పోతుంది. లైట్లు తగ్గించమంటే వీడియో తీసేవాడు ఒప్పుకోడు. ఈ చిన్న చిన్న విషయాలు తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఉన్నారు. పనస దుంగని ఏకాండీగా తొలిచి వీణ చేసే కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు వాళ్లకి ఎక్కువ గిరాకీ ఉన్నది మోగే వీణలకి కాదు, బొమ్మ వీణలకి. సభల్లో అతిథులకి శాలువాతో పాటు ఇస్తారు చూశారా, అవి. తమ ఆఫీసు బీరువాలో కూడా రెండుమూడు ఉండే ఉంటాయి. వాటికి తీగలున్నాయి గానీ నాదం లేదు. అందుకేనేమో వాటికి పర్మిషను అక్కర్లేదు.

డబ్బు విషయం పొడిగా చెప్పేస్తాం. ఐదు వందల లోపు టికెట్టుకి జీఎస్టీ లేదు, మా టికెట్టు యాభై. అయినా అమ్ముడుపోదు, ఎందుకంటే మా ఊళ్లో ప్రతివాడూ కమిటీలో ఒకడికి బావ. బావకి టికెట్టు అమ్మితే చెల్లెలితో గొడవ. కాబట్టి చందాలు. ఎరువుల కొట్టు, రైసు మిల్లు, బంగారం దుకాణం. ఇచ్చేవాళ్లు నిజంగానే ఇస్తారు, ఏమీ అడగరు, ఫ్లెక్సీ తప్ప.

ఆ ఫ్లెక్సీ దగ్గరే మళ్లీ తమ గుమ్మంలోకి వస్తాం. ఎవరి ఫొటో వెయ్యాలి, ఎవరిది పెద్దది, ఎవరిది గుండ్రం లోపల, ఎవరిది అంచున? ఈ తలనొప్పి వద్దని ఒక ఏడాది ఏ నాయకుడి ఫొటో వెయ్యకుండా, మధ్యలో ఒక జముకు బొమ్మ వేశాం. ఫొటో లేని ఫ్లెక్సీ అంటే ఎదుటి పార్టీవాళ్లదని రెండు పార్టీలవాళ్లూ అనుకున్నారు. స్థానిక ఎన్నికల మాట వినబడుతున్న రోజులు. ‘ఆ గుర్తు ఏ పార్టీది?’ అని ఒక పెద్దాయన నిజంగానే వాకబు చేశారు. జముకు వాయిద్యమని చెప్పినా ఆయనకి నమ్మకం కుదరలేదు.

సొసైటీగా రిజిస్టరు చేసుకుంటే ఇవన్నీ తేలిగ్గా అవుతాయని మిత్రులు సలహా ఇచ్చారు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు. మా ఊళ్లో ఏ విషయం మీదైనా ఏడుగురు ఒక్క కాగితం మీద సంతకం పెట్టిన దాఖలా ఉంటే, అది పక్క ఊరివాళ్ల మీద పెట్టిన ఫిర్యాదే అయి ఉంటుంది. వీణ ముందా తప్పెటగుళ్లు ముందా అనే తగువుతో నిరుడు ఇద్దరు సభ్యులు మాట్లాడుకోవడం మానేశారు. ఇది సంగీతం తగువు కాదని, ఏ వీధివాళ్లకి ముందు కుర్చీలు అనే తగువని అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

దీనికి మేం సిగ్గుపడటం లేదు. తిరువయ్యారు చూడండి. మన తెలుగు కృతులకి అంత పెద్ద ఉత్సవం ఇంకెక్కడా లేదు, అది జరిగేది కావేరి ఒడ్డున తమిళ ఊళ్లో. ఒకప్పుడు అక్కడ ఆరాధన చేసే విద్వాంసులు రెండు పార్టీలుగా చీలి విడివిడిగా చేసుకునేవాళ్లు. ఆడవాళ్లని పాడనిచ్చేవాళ్లు కారు. బెంగుళూరు నాగరత్నమ్మ, దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషి, 1920లలో సొంత ఆస్తి ఖర్చుపెట్టి త్యాగయ్య సమాధికి గుడి కట్టించి, ఆ గుడి ముందు పాడే హక్కు తనకే లేకపోతే వెనక వైపు ఆడవాళ్లతో వేరే ఆరాధన మొదలుపెట్టింది. 1940 ప్రాంతంలో గానీ అందరూ ఒక్క పందిట్లోకి రాలేదు. ఆవిడకి కూడా ఏ గడీ లేదు, అప్పటి ఫారాల్లో. ఇంకా దగ్గర్లో చెప్పమంటే, మా జిల్లా కేంద్రంలోనే విజయనగరం సంగీత కళాశాల ఉంది. 1919లో రాజావారు పెట్టింది. ఆస్థాన ఉద్యోగి ఒకాయన కొడుకుకి చూపు లేదని, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలని మొదలైందని మా వైపు చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, తరవాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఒక్క పిల్లవాడి కోసం కాలేజీ తెరిచినాయన ఏ దరఖాస్తు నింపలేదు, నిజమే, ఆయన రాజు. మేం కాదు కాబట్టే తమకి రాస్తున్నాం.

అరుణాచల్‌లో జీరో లోయ గురించి కూడా తమరికి ఎవరో చెప్పే ఉంటారు. 2012 నుంచి అక్కడ అపతానీల ఊళ్ల మధ్య వెదురుతో వేదికలు కట్టి స్వతంత్ర సంగీతోత్సవం నడుపుతున్నారు. దేశం నలుమూలల నుంచీ గుడారాలు భుజాన వేసుకుని వెళతారు. ‘మీరూ అలా చేస్తే టూరిజం వాళ్లు సాయం చేస్తారు కదా’ అని ఒక అధికారి మమ్మల్ని ప్రోత్సహించారు. కృతజ్ఞులం, కానీ మాకు టూరిస్టులు అక్కర్లేదు. మా మనవరాలు గిటారు కుర్రాళ్ల పాట వినాలి, ఆ కుర్రాళ్లు జముకు వినాలి, రైసు మిల్లు హమాలీ ముందు వరసలో కూర్చుని వీణ వినాలి. బస్సు దిగి నడిచి వచ్చేవాళ్లు చాలు.

అంచేత అడిగేదేమంటే, ఆ దరఖాస్తులో ‘సంగీతం’ అని ఒక గడి పెట్టించండి. అనుమతి ఇచ్చేదుంటే పది రోజుల ముందు ఇప్పించండి, ఇవ్వనిదుంటే అదీ పది రోజుల ముందే చెప్పించండి. ఆ పదిహేనులో ఒక రాత్రి మాట మరిచిపోవద్దు. పోలీసుకీ పంచాయతీకీ కరెంటుకీ కలిపి ఒక్క చలానా పెట్టండి, ఎంతైనా కడతాం, ఎంతైనా అంటే ఎరువుల కొట్టాయన ఇచ్చినంత. ఎకో విషయంలో తమరు చెయ్యగలిగిందేమైనా ఉంటే అది వరంగా భావిస్తాం.

ఈసారి తమరు స్వయంగా దయచెయ్యాలి. ముఖ్య అతిథిగా కాదు, శాలువా ఉండదు, బొమ్మ వీణ అసలే ఉండదు. డెసిబెల్ మీటరు తెచ్చుకుంటే మంచిది. రెండో రాత్రి ఆఖరి అంశం తప్పెటగుళ్లు. గుండెల మీద తప్పెట్లు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో వలయం తిరుగుతారు, వాళ్లకి మైకు ఉండదు. ఎంత సర్దినా ఆ ఆట మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది, పది గంటలకి మంచి ఊపులో ఉంటుంది. ఆపమంటే ఆపించడానికి మేం సిద్ధమే. కాకపోతే తమరే లోపలికి వెళ్లి చెప్పాల్సి ఉంటుంది, ఆ తప్పెట్ల మధ్య మా మాట వాళ్లకి వినబడదు.

ఇట్లు,
తమ విధేయులు,
పాటల పండగ కమిటీ
(మాట్లాడుకోని ఇద్దరు సభ్యులతో సహా, విడివిడి సంతకాలతో)